ఆ 17 పైసలు ఎవరు కడుతున్నారు?

2025 దసరాకు మా బావ ఏడు సీట్ల ఎస్‌యూవీ కొందామనుకున్నాడు. ఇంట్లో అక్క, ఇద్దరు పిల్లలు, బావ వాళ్ల అమ్మానాన్న. పాత చిన్న కారులో ఇరుక్కుని తిరుపతి వెళ్లొచ్చాక పెద్దాయన మోకాళ్లు పట్టేసి రెండు రోజులు మంచం దిగలేదు. అప్పుడే పెద్ద బండి మాట మొదలైంది. విజయవాడలో ఒక షోరూమ్‌కి వెళ్లి కొటేషన్ పట్టుకుని, తిరుగుదారిలో గుంటూరులో మా ఇంటికొచ్చి కాగితం టేబుల్ మీద పరిచాడు.

ఆ కాగితం మీద పన్నెండు అంకెలున్నాయి. సేల్స్ కుర్రాడు ఒక్కదాని చుట్టూనే నీలం పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టాడు: ఈఎంఐ 21,123. పైన ఎర్ర అక్షరాల్లో పండగ ఆఫర్, వడ్డీ 6.99 శాతం మాత్రమే, దసరా వరకే.

మా నాన్న మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్లో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారు. ఆయనకు శాతాలు ఎక్కవు. నూటికి నెలకు ఎన్ని రూపాయలు, ఎన్ని పైసలు, అంతే. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "అంటే నూటికి 58 పైసలు. మీ బ్యాంకులో ఎంతకిస్తారు అల్లుడు గారూ?" అన్నారు.

"తొమ్మిది శాతం మామయ్యా."

"ముప్పావలా వడ్డీ. మరి మిగతా 17 పైసలు ఎవరు కడుతున్నారు?"

బావ నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. ఆఫర్ మంచిదా కాదా అని మేమిద్దరం గంట నుంచీ వాదించుకుంటున్నాం. ఈ ప్రశ్న మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

ఎవరో ఒకరు కట్టాల్సిందే. అప్పిచ్చేవాడు తన డబ్బుకు తొమ్మిది శాతం రావాలనుకుంటే, ఏడు శాతానికి ఊరికే ఇవ్వడు. ఆ తేడాను కార్ల కంపెనీయో, డీలరో, ఇద్దరూ కలిసో ముందే లెక్కగట్టి ఫైనాన్స్ సంస్థకు చెల్లిస్తారు. ఆ వ్యాపారంలో దీన్ని సబ్‌వెన్షన్ అంటారు. మా కొటేషన్‌లో లోన్ 14 లక్షలు. ఐదేళ్లకు తొమ్మిది శాతమైతే ఈఎంఐ 29,062. అదే 6.99 శాతమైతే 27,715. నెలకు 1,347 తేడా. షోరూమ్ వాళ్లు దీన్ని అరవైతో గుణించి 80 వేలు ఆదా అంటారు. ఐదేళ్లపాటు నెలనెలా చిల్లరగా వచ్చే ఆ 80 వేలను తొమ్మిది శాతం లెక్కన ఇవాళ్టి విలువకు దించితే దాదాపు 65 వేలవుతుంది. నాన్న అడిగిన 17 పైసల ఖరీదు అదే. ఫైనాన్స్ సంస్థకు ఎవరో ఇవాళ 65 వేలు కడితే, బావకు 6.99 శాతం లోన్ వస్తుంది.

ఆ 65 వేలు కంపెనీ పండగ అమ్మకాలకు పక్కన పెట్టుకున్న డబ్బులోంచి వస్తాయి. బండి ధర మీద తగ్గింపు ఇచ్చేదీ అందులోంచే. కంపెనీకి రెండూ ఒకటే ఖర్చు. బావకు మాత్రం ఒకటి కాదు. ఎందుకు కాదో తర్వాత చెబుతాను.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో షోరూములు వెలవెలబోతే జనరల్ మోటార్స్ సున్నా వడ్డీ ప్రకటించింది. ఫోర్డ్, క్రైస్లర్ కూడా అదే దారి పట్టాయి. అక్కడ ఇప్పటికీ చాలా కంపెనీల ప్రకటనల్లో తక్కువ వడ్డీ ఒకపక్క, క్యాష్ బ్యాక్ ఇంకోపక్క ఉంటాయి. రెంటిలో ఒకటే తీసుకోవాలని కిందే రాసి ఉంటుంది. డాలస్‌లో ఉండే మా పెదనాన్న మనవడు కారు కొనేటప్పుడు చేసిన పనల్లా ఆ రెంటికీ లెక్క వేసుకోవడమే. మన దగ్గర ఆ ఎంపిక అంత తేటగా కనబడదు. ఎక్స్ఛేంజ్ బోనస్, కార్పొరేట్ డిస్కౌంట్, లాయల్టీ బోనస్, యాక్సెసరీస్ ఫ్రీ, తక్కువ వడ్డీ అన్నీ ఒకే పులిహోరలా కలిపేస్తారు. ఏది తీసుకుంటే ఏది పోతుందో మనం అడిగితే తప్ప చెప్పరు.

సున్నా వడ్డీ గురించి మన రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. సున్నా శాతం వడ్డీ అన్న భావనే లేదని, అలాంటి స్కీముల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారని, అవి అమాయక కస్టమర్లను ఆకర్షించి వాడుకోవడానికే పనికొస్తాయని ఆ సర్క్యులర్ సారాంశం. అది ముఖ్యంగా క్రెడిట్ కార్డు బకాయిల మీద ఇచ్చే స్కీములను చూసి రాసింది. కార్ల షోరూములో నిలబడి చదువుకున్నా అర్థం మారదు.

మర్నాడు బావ షోరూమ్‌కి ఫోన్ చేశాడు. "లోన్ మీ దగ్గర తీసుకోను. మా బ్యాంకు నుంచి డీడీ తెస్తాను. అప్పుడు రేటెంత?" అని అడిగాడు. అవతల కాసేపు మాట లేదు. మేనేజర్ లైన్లోకొచ్చాడు. సార్, బయటి ఫైనాన్స్ అయితే పండగ స్కీము వర్తించదు, కానీ మీ కోసం 70 వేలు డిస్కౌంట్ మాట్లాడతాను అన్నాడు. ముందు రోజు ఆ 70 వేల ఊసే లేదు.

ఇప్పుడు లెక్క వేయండి. మొదటి దారిలో డిస్కౌంట్ లేదు, లోన్ 14 లక్షలు, 6.99 శాతం, ఐదేళ్లు, ఈఎంఐ 27,715. రెండో దారిలో 70 వేలు తగ్గాయి కాబట్టి లోన్ 13 లక్షల 30 వేలు, తొమ్మిది శాతం, ఐదేళ్లు, ఈఎంఐ 27,609. ఎక్కువ వడ్డీ ఉన్న లోన్‌కి నెల కిస్తీ 106 రూపాయలు తక్కువ! రెండు శాతం తక్కువ వడ్డీ అని ఎర్ర అక్షరాల్లో ఊరించిన ఆఫర్, బండి రేటు మీద 70 వేలు తగ్గించమని అడిగినవాడి ముందు తేలిపోయింది. డిస్కౌంట్ 65 వేలకు పైన ఎంతున్నా బ్యాంకు లోన్ మెరుగు. అంతకన్నా తక్కువైతే షోరూమ్ ఆఫర్ మెరుగు. పది వేల డిస్కౌంట్ కోసం బ్యాంకు చుట్టూ తిరిగితే మాత్రం తెలివితక్కువ పనే.

నిజానికి ఇక్కడిదాకా పెద్ద తేడా లేదు. నెలకు 106 రూపాయలంటే ఒక కుటుంబం హైవే మీద ఆగి టీ తాగినంత. అసలు తేడా లోన్‌ను మధ్యలో తీర్చేసినప్పుడు బయటపడుతుంది. ఈ ముక్క ఈఎంఐ కాలిక్యులేటర్లలో కనబడదు, షోరూములో ఎవరూ ఎత్తరు.

బావకు ఒక పెద్ద చిట్టీ ఉంది. ఇంకో రెండేళ్లలో ముగుస్తుంది. ఆ డబ్బు రాగానే కారు లోన్ తీర్చేయాలన్నది మొదటి నుంచీ అతని ఆలోచన. మనవాళ్లలో చాలామంది అంతే. ఐదేళ్లకని లోన్ రాయించుకుని, పొలం కౌలో, చిట్టీయో, బోనసో చేతికొస్తే ముందు అప్పు వదిలించుకుంటారు. అప్పు ఉంటే నిద్ర పట్టని జనం మనం.

డిస్కౌంట్ తీసుకుంటే ఆ 70 వేలు మొదటి రోజే మీవైపోయాయి. రేపు లోన్ తీర్చేసినా ఎవరూ వెనక్కి అడగరు. తక్కువ వడ్డీ లాభం అలా కాదు. లోన్ ఉన్నన్నాళ్లూ నెలనెలా కొంచెం కొంచెంగా వస్తుంది. లోన్ మూసేస్తే మిగతా లాభం అక్కడితో ఆగిపోతుంది. రెండేళ్లకు మూసేస్తే షోరూమ్ లోన్‌లో ఇంకా కట్టాల్సింది దాదాపు 8 లక్షల 98 వేలు. బ్యాంకు లోన్‌లో 8 లక్షల 68 వేలు. నెలవారీ తేడా కూడా కలుపుకుంటే బ్యాంకు దారిలో 32 వేలు మిగులుతాయి. దీని మీద ముందస్తు చెల్లింపు చార్జీ ఒకటి. పండగ ఆఫర్ లోన్లు దాదాపు అన్నీ ఫిక్స్‌డ్ రేటువే, అంటే చివరిదాకా వడ్డీ మారనివే. వాటిని ముందే మూసేస్తే బాకీ మీద ఇంత శాతమని వసూలు చేసుకోవచ్చు. మా కొటేషన్‌లో మూడు శాతం అని ఉంది. అంటే దాదాపు 27 వేలు, ఆపైన జీఎస్టీ. ఫ్లోటింగ్ రేటు మీద, అంటే మధ్యలో పెరిగి తగ్గే వడ్డీ మీద, వ్యక్తులు తీసుకున్న లోన్లకు ఈ చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులకు చెప్పింది. 2026 జనవరి 1 నుంచి ఇచ్చే లోన్ల విషయంలో ఆ నిబంధనను ఇంకా స్పష్టం చేసింది. కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకుల కారు లోన్లు రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటుకు, లింకైన ఫ్లోటింగ్ రేటు మీద దొరుకుతాయి. బావది అలాంటిదే. మొత్తం కలిపితే రెండేళ్లలో లోన్ మూసే మనిషికి రెండు దారుల మధ్య తేడా 60 వేలు దాటింది. వడ్డీ తక్కువున్నది కదా అని మొదటిదే తీసుకుని ఉంటే అంత పోయేది.

ఫ్లోటింగ్‌లో ఇంకో మలుపు కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో 6.5 శాతంగా ఉన్న రెపో, విడతలుగా తగ్గి డిసెంబరుకు 5.25కి వచ్చింది. అందులో చివరి పావు శాతం బావ లోన్‌కీ వర్తిస్తుంది. పొంగిపోనక్కర్లేదు. ఇదే రెపో 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల 4 నుంచి 6.5కి ఎక్కింది. ఐదేళ్లూ కదలని కిస్తీ కావాలనుకునేవాళ్లకు ఫిక్స్‌డ్ రేటు ఒక మనశ్శాంతి. దానికీ ఒక ధర ఉంటుంది, అంతే.

ఇక ఆ నీలం సున్నా సంగతి. 21,123 ఈఎంఐ ఐదేళ్లకు కాదు, ఏడేళ్లకు. ఏడేళ్లు అన్న మాట కాగితంలో వేరే మూల చిన్నగా ఉంది. ఐదేళ్లకైతే మొత్తం వడ్డీ 2 లక్షల 63 వేలు. ఏడేళ్లకైతే 3 లక్షల 74 వేలు. నెలకు ఆరున్నర వేలు తక్కువ కట్టే సౌకర్యానికి లక్షా 11 వేలు. కొందరికి ఆ సౌకర్యం నిజంగానే అవసరం కావచ్చు, నేను కాదనను. కానీ షోరూములో జరిగేది వేరు. బేస్ మోడల్ ఐదేళ్ల ఈఎంఐ, సన్‌రూఫ్ ఉన్న టాప్ మోడల్ ఏడేళ్ల ఈఎంఐ పక్కపక్కన పెట్టి, సార్ నెలకు తేడా ఏమీ లేదు అంటారు. మూడున్నర లక్షల తేడా ఆ వాక్యంలో మాయమైపోతుంది. మా బావకు సన్‌రూఫ్ మీద మోజు లేదు కాబట్టి బతికిపోయాం. పిల్లలకు మాత్రం ఉంది. వాళ్లను రెండోసారి షోరూమ్‌కి తీసుకెళ్లలేదు.

ఈఎంఐ పక్కన ఇంకో ఖర్చూ ఉంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు పద్నాలుగు ఇచ్చే డీజిల్ బండికి ఏడు వేల దాకా నూనె ఖర్చే అవుతుంది. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు వేరే. 27 వేల కిస్తీ అనుకున్న బండి నెలకు 38 వేల బండి అవుతుంది. ఇది చెప్పడానికి విశ్లేషకుడు అక్కర్లేదు. అయినా కొనే రోజున ఎవరికీ గుర్తుండదు.

వంద శాతం ఆన్‌రోడ్ ఫండింగ్ అనే ఆఫర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే కుర్ర ఉద్యోగుల్ని ఎక్కువగా ముంచుతున్నది అదే అని నా అభిప్రాయం. చేతిలో పైసా పెట్టకుండా బండి తీసుకెళ్లండి అంటారు. మా కొటేషన్ చూడండి. బండి ఎక్స్ షోరూమ్ ధర 16 లక్షల 50 వేలు. లైఫ్ ట్యాక్స్ 2 లక్షల 80 వేలు. ఇన్సూరెన్స్ 78 వేలు. పది లక్షలు దాటిన బండి కాబట్టి అమ్మేటప్పుడే వసూలు చేసే ఒక శాతం పన్ను, టీసీఎస్, 16,500. ఇది ఆదాయ పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, వదిలేయకండి. చిల్లర మల్లర కలిపి 20 లక్షల 30 వేలు. ఇందులో టీసీఎస్ పోగా మూడు లక్షల 60 వేలకు పైగా బండి గేటు దాటగానే కరిగిపోయేవే. మీరు రేపే బండి అమ్మినా, కొనేవాడు ట్యాక్సులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి లెక్కగట్టి ఇవ్వడు.

ఇప్పుడు ఈ 20 లక్షల 30 వేలూ ఏడేళ్లకు తొమ్మిదిన్నర శాతానికి అప్పు చేశారనుకుందాం. ఈఎంఐ 33 వేల పైచిలుకు. ఏడాది క్రమం తప్పకుండా కట్టాక కూడా ఇంకా 18 లక్షల 15 వేలు బాకీ ఉంటుంది. ఏడాది దాటిన బండికి ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే విలువ, అంటే ఐడీవీ, మామూలు పట్టిక ప్రకారం ఇరవై శాతం తగ్గి 13 లక్షల 20 వేలు. బండి పూర్తిగా దెబ్బతిన్నా, దొంగతనానికి గురైనా వచ్చేది అంతే. బండి పోయాక కూడా ఐదు లక్షల అప్పు మిగులుతుంది. అలాంటి లోన్ తీసుకోక తప్పదంటే కనీసం రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ తీసుకోవాలి. బండి పూర్తిగా పోతే కొన్న ధర ఇప్పించే కవర్ అది. సాధారణంగా మొదటి మూడేళ్లకు దొరుకుతుంది. ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, 2018 సెప్టెంబరు నుంచి అది రూలు. ఎక్కడ కొనాలన్నది మీ ఇష్టం. బయట కోట్ తెచ్చి చూపిస్తే చాలాసార్లు షోరూమ్ ధర అక్కడికక్కడే తగ్గుతుంది.

ఇప్పుడు కొనండి, సంక్రాంతి తర్వాత కట్టండి అనే స్కీము ఒకటుంది. మూడు నెలలు కిస్తీ ఉండదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. 14 లక్షల మీద తొమ్మిది శాతానికి మూడు నెలలంటే 31 వేలకు పైనే. ఇంకొందరు ఫ్లాట్ రేటు చెబుతారు. 4.5 శాతం ఫ్లాట్ అంటే వినడానికి హాయిగా ఉంటుంది. అసలు తగ్గుతున్నా మొదటి రోజు అసలు మీదే ఐదేళ్లూ వడ్డీ వేస్తారు కాబట్టి, తగ్గే బాకీ మీదే వడ్డీ వేసే మామూలు రెడ్యూసింగ్ లెక్కలో అది దాదాపు 8.3 శాతం. ఎవరైనా శాతం చెప్పగానే "ఫ్లాటా, రెడ్యూసింగా?" అని అడగడం ఊళ్లో మా నాన్న తరానికి అలవాటే. నెల వడ్డీయా, అసలు ఎప్పుడెప్పుడు కడితే ఎంత తగ్గుతుంది అని ప్రతి ప్రామిసరీ నోటు దగ్గరా అడిగేవాళ్లు. క్రెడిట్ స్కోర్లూ యాప్‌లూ వచ్చాక మనమే అడగడం మానేశాం.

ఇన్ని ఆఫర్లు ఎందుకిస్తారు? బండ్లు అమ్ముడుపోక. 2024 దసరా ముందు డీలర్ల సమాఖ్య ఫాడా చెప్పిన లెక్క ప్రకారం డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజులకు సరిపడా స్టాకు పేరుకుపోయింది. విలువ 79 వేల కోట్లు. ఆ స్టాకు మీద డీలరే బ్యాంకుకు వడ్డీ కడుతుంటాడు. యార్డులో ఎండకు ఎండుతున్న ఒక్కో బండీ అతనికి నెలనెలా ఖర్చే. ఆరు నెలలు వెయిటింగ్ ఉన్న మోడల్ మీద ఎప్పుడైనా తక్కువ వడ్డీ ఆఫర్ చూశారా? ఆఫర్ ఉందంటే ఆ మోడల్ కదలడం లేదని అర్థం. కొనేవాడికి అది బలం. కొత్త మోడల్ రాబోతోందేమో, బండి పోయిన ఏడాది తయారైందేమో చూసుకోవాలన్న హెచ్చరిక కూడా. 2025లో ఇంకో కారణం తోడైంది. సెప్టెంబరు 22న, నవరాత్రుల మొదటి రోజున, కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చాయి. పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. ప్రభుత్వం తగ్గించిన పన్నునూ కంపెనీ ఇచ్చిన డిస్కౌంటునూ ఒకే బ్యానర్ మీద కలిపేసి మా పండగ కానుక అని రాసుకున్న షోరూములు నేనే చూశాను.

డీలర్‌కు ఫైనాన్స్ మీద కూడా ఆదాయం ఉంటుంది. లోన్ రాయిస్తే ఫైనాన్స్ సంస్థ నుంచి పేఅవుట్, ఇన్సూరెన్స్ రాయిస్తే కమిషన్. ఈ రోజుల్లో క్యాష్ కస్టమర్ అంటే ఏ షోరూమూ ఎగిరి గంతెయ్యదు. డబ్బు సిద్ధంగా ఉంది అని మొదటి మాటలోనే చెబితే బేరంలో పైచేయి మనదే అనుకోవడం పాతకాలపు లెక్క. ముందు బండి ధర తేల్చుకుని, లోన్ మాట ఆ తర్వాత ఎత్తడం మంచిది. షోరూమ్ వాళ్లు రెండూ ఒకే ఊపిరిలో మాట్లాడాలని చూస్తారు.

తక్కువ వడ్డీ ఆఫర్ ఎప్పుడూ మోసమే అని నేననడం లేదు. డిస్కౌంట్ అసలే ఇవ్వని చోట, లేదా ఇచ్చేది మరీ తక్కువైన చోట అది నిజమైన లాభమే. చివరిదాకా లోన్ నడిపే మనిషికి ఆ లాభం పూర్తిగా దక్కుతుంది. ఆ రేటు అందరికీ దొరకదన్నది వేరే విషయం. బ్యానర్ మీద 6.99 అని ఉంటుంది. క్రెడిట్ స్కోరు ఏ 750కో తక్కువుంటే లోపలికి వెళ్లాక అది పదిన్నర అవుతుంది. అలాగే చేతిలో డబ్బున్నవాళ్లకు ఒక సలహా బాగా తిరుగుతోంది. ఎఫ్‌డీ కదపకండి, ఏడు శాతానికి లోన్ తీసుకోండి, రెంటికీ సరిపోతుంది అని. సరిపోదు. 6.6 శాతం ఎఫ్‌డీ మీద ముప్పై శాతం శ్లాబులో ఉన్నవాడికి సెస్సుతో కలిపి పన్ను పోగా మిగిలేది నాలుగున్నర. ఇంట్లో జబ్బులకూ అవసరాలకూ కొంత డబ్బు పక్కన ఉంచుకోవాలనుకోవడం వేరు, అది మంచి కారణమే. లాభం వస్తుందనుకోవడం వేరు.

చివరికి బావ 70 వేలు డిస్కౌంట్ తీసుకుని, జీతం పడే బ్యాంకులోనే ఐదేళ్లకు లోన్ పెట్టాడు. ఇక అంతా మన బ్యాంకే కదా అని నిశ్చింతగా ఉన్నాం.

2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్, అన్నీ కలుపుకుని నిజంగా పడే వార్షిక రేటు, ఏపీఆర్, అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని రోజులు గడువివ్వాలి. అందులో రాయని ఫీజు ఏదీ మన స్పష్టమైన ఒప్పుకోలు లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. ఇవాళే సంతకం పెడితేనే రేటు అని ఎవరైనా అంటే ఈ మూడు రోజుల సంగతి గుర్తు చేయవచ్చు. ఏపీఆర్ ఎంత ముఖ్యమో చూడండి. షోరూమ్ వాళ్ల 6.99 లోన్‌లో ఫీజులు, లోన్ ఇన్సూరెన్స్ కలిపి 42 వేలు లోన్‌లోంచే మినహాయించుకుంటారనుకోండి. అసలు రేటు 8.3 దాకా వెళ్తుంది. 58 పైసలు కాస్తా 69 పైసలవుతుంది.

బ్యాంకు వాళ్లు బావకు ఇంగ్లిషు కాగితం ఇచ్చారు. తెలుగులో కావాలన్నాడు. ఎందుకు సార్, మీకు ఇంగ్లిషు వచ్చుగా అన్నారు. మా మామయ్యకు చూపించాలి అన్నాడు. ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు సార్ అంటూనే రెండు రోజుల తర్వాత తెలుగులో ఇచ్చారు.

నాన్న దాన్ని మా ఇంటి వరండాలో కూర్చుని వేలితో ఒక్కో వరుసా పట్టి చదివారు. లోన్ మొత్తం 13 లక్షల 54 వేలు, ఈఎంఐ 28,107 అని ఉంది. మనం అడిగింది 13 లక్షల 30 వేలు కదా అన్నారు. ఇంకాస్త కింద వేలు ఆగింది. లోన్ రక్షణ బీమా, ఏకమొత్తం ప్రీమియం 24 వేలు.

"ఇది ఎవరు అడిగారు అల్లుడు గారూ?"

ఎవరూ అడగలేదు. బావకు అంతకు రెండింతల టర్మ్ పాలసీ ముందే ఉంది. బ్యాంకుకు ఫోన్ చేస్తే, తప్పనిసరేం కాదు సార్, మామూలుగా అందరికీ వేస్తాం అన్నారు. మర్నాడు కొత్త కాగితం వచ్చింది. ఈఎంఐ 27,609. నాన్న పాత కాగితం వెనకవైపు పెన్సిల్‌తో తీసివేత వేసుకుని, నెలకు 498 అని రాసి, పంచాంగంలో పెట్టుకున్నారు.